టికెట్ ధరకు ముందు విమానాన్ని చూడండి

మీరు మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో ఉంటున్నారా? అయితే మీ విమాన ప్రయాణం ఇంటి గేటు దగ్గరే మొదలవుతుంది. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు తరలిపోయాక నగరానికి ఉత్తరాన ఉన్నవాళ్లకు దూరం ఒక్కసారిగా పెరిగింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డుకు మన ఎగ్జిట్లు ఉత్తరపు కొసన ఉంటే, విమానాశ్రయం దక్షిణపు కొసన ఉంది. కీసర, ఘట్‌కేసర్ వైపు నుంచి వెళ్లినా, పటాన్‌చెరు, గచ్చిబౌలి వైపు నుంచి వెళ్లినా దాదాపు సగం చుట్టు తిరగక తప్పదు. హకీంపేట మీద, దుండిగల్ మీద రోజంతా విమానాలు ఎగురుతూనే ఉంటాయి గానీ అవి వాయుసేనవి. అందుకే శంషాబాద్ చేరాక విమానం నాలుగు గంటలు ఆలస్యమని తెలిస్తే, మెహదీపట్నం మనిషిలా ఇంటికెళ్లి అన్నం తిని మళ్లీ వచ్చే వీలు మనకు లేదు. రాజీవ్ రహదారి మీద జగిత్యాల నుంచో సిరిసిల్ల నుంచో వచ్చి, శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కే గల్ఫ్ ప్రయాణికుడికైతే అసలే లేదు.

ఇంత దూరం పోయేవాళ్లం టికెట్ కొనేటప్పుడు ఏం చూస్తున్నాం? ఫోన్‌లో ఒకదాని కింద ఒకటి నాలుగు ధరలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి 400 రూపాయలు తక్కువ. వేలు దాని మీదికే పోతుంది. తీరా ప్రయాణం రోజు ఏదైనా తేడా వస్తే కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మీద గొంతు పెంచుతాం. ఆ అమ్మాయి చేతిలో ఏముంది? ఇంకో విమానం ఉంటే ఇస్తుంది, లేకపోతే సారీ చెబుతుంది. ఇంకో విమానం ఉండాలా వద్దా అన్నది ఎన్నో ఏళ్ల ముందు, ఏ రకం విమానాలు కొనాలి, వాటిని రోజుకు ఎన్నిసార్లు తిప్పాలి అని సంస్థ పెద్దలు కూర్చున్న రోజునే తేలిపోయింది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది ఇదే. చవక విమాన సంస్థ మీకు చేసే సేవ ఎలా ఉంటుందో దాని విమానాలను చూసి చాలావరకు ముందే పసిగట్టవచ్చు. ఆ చూపు అలవాటు చేసుకోవడం కష్టమేం కాదు, టికెట్ కొనే ముందు పది నిమిషాలు కేటాయిస్తే చాలు.

చవక ఎక్కడి నుంచి వస్తోంది?

1971లో అమెరికాలోని టెక్సస్‌లో ఎగరడం మొదలుపెట్టిన సౌత్‌వెస్ట్, ఆ తర్వాత ఐరోపాలో దాని బాట పట్టిన ర్యాన్ఎయిర్, రెండూ బోయింగ్ 737నే నమ్ముకుని ఎదిగాయి. మన దగ్గర ఇండిగో తొలి విమానం 2006 ఆగస్టులో ఎగిరింది. అంతకు ఏడాది ముందే పారిస్ ఎయిర్ షోలో అది ఒకేసారి 100 ఎయిర్‌బస్ ఏ320లకు ఆర్డర్ ఇచ్చింది. 2022 ఆగస్టులో వచ్చిన ఆకాశ ఎయిర్ కూడా 737 మాక్స్ ఒక్కదాన్నే ఎంచుకుంది. ఎందుకిలా? అన్నీ ఒకే రకమైతే ఏ పైలట్‌నైనా ఏ విమానానికైనా పంపవచ్చు. స్పేర్ పార్టులు ఒక రకానివే నిల్వ ఉంచుకుంటే సరిపోతుంది. ఇంజినీర్లకు ఒకే శిక్షణ చాలు. పైగా నేల మీద నిలబడ్డ విమానం రూపాయి సంపాదించదు కాబట్టి దిగిన అరగంటకే మళ్లీ ఎగరాలి, రోజుకు ఐదారు ట్రిప్పులు తిరగాలి. మీకు మిగిలిన 400 రూపాయలు ఈ పొదుపులోంచే వచ్చాయి. ఇందులో మోసమేమీ లేదు. ఈ పద్ధతే రాకపోయి ఉంటే బిట్స్‌లోనో నల్సార్‌లోనో చదువుకునే పిల్లలు పండక్కి విమానంలో ఇంటికి వెళ్లే రోజే వచ్చేది కాదు.

అయితే ఆ పొదుపుకు ఒక మూల్యం ఉంది. మేడ్చల్ డిపోలో ఒక బస్సు మొరాయిస్తే మరో బస్సును రోడ్డెక్కిస్తారు, కనీసం వెనక వచ్చే బస్సులో నిలబడైనా పోతాం. విమానంలో నిలబడి పోలేం. పొద్దుటి నుంచి రాత్రి దాకా అరగంట విరామాలతో తిరుగుతున్న విమానం ఒకచోట చిక్కుకుంటే దాని తర్వాతి ట్రిప్పులన్నీ చిక్కుకుంటాయి. అప్పుడు ఆదుకునేది ఖాళీగా ఉంచిన విమానం, డ్యూటీకి సిద్ధంగా ఉన్న సిబ్బంది. ఈ రెండూ ఖర్చే. ఎక్కువ ఉంచితే టికెట్ ధర పెరుగుతుంది, తక్కువ ఉంచితే మీ ప్రయాణం గాల్లో దీపమవుతుంది.

గో ఫస్ట్ సంగతి చూడండి. అది ఏ320నియో విమానాలు నడిపేది, వాటికి ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్లు. ఇంజిన్లలో సమస్యలు వచ్చి, మార్చడానికి వేరేవి సమయానికి అందక సగం విమానాలు నేలకే పరిమితమయ్యాయని చెబుతూ 2023 మే 2న దివాలా పిటిషన్ వేసింది. మర్నాటి నుంచి విమానాలు ఆగిపోయాయి. అదే ఇంజిన్ బాధ ఇండిగోకూ తగిలింది, పదుల సంఖ్యలో విమానాలను పక్కన పెట్టాల్సి వచ్చింది. కానీ అది 2019లోనే కొత్త విమానాల కోసం సీఎఫ్ఎం సంస్థ లీప్ ఇంజిన్ల వైపు మళ్లింది. విమానాల సంఖ్యా చాలా పెద్దది. దెబ్బ ఒకటే అయినా ఒకటి మూతపడింది, ఒకటి నిలబడింది. గో ఫస్ట్ టికెట్ చేతిలో పట్టుకున్నవాళ్లకు ఏ సంస్థ ఏ ఇంజిన్ కొన్నదో తెలుసుకోవాల్సిన అవసరం అంతకుముందు ఎప్పుడూ వచ్చి ఉండదు.

అయితే పెద్ద సంస్థను పట్టుకుంటే గండం గడిచినట్టేనా? 2025 డిసెంబర్ మొదటి వారం దానికి జవాబు చెప్పింది. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచి, రాత్రి ల్యాండింగ్‌లకు కోత పెట్టిన కొత్త నిబంధనల రెండో దశ నవంబర్ 1న అమల్లోకి వచ్చింది. దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా మోస్తున్న ఇండిగో దానికి తగ్గట్టు సిబ్బందిని సర్దుకోలేకపోయింది. వేల విమానాలు రద్దయ్యాయి, డిసెంబర్ 5 ఒక్కరోజే వెయ్యికి పైగా. శంషాబాద్‌లోనూ పదుల విమానాలు ఆగిపోయాయి. మిగతా సంస్థల టికెట్ ధరలు ఎగబాకడంతో మర్నాడు కేంద్రం గరిష్ఠ ఛార్జీలు ప్రకటించాల్సి వచ్చింది: 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు, 1,500 కిలోమీటర్లు దాటితే 18,000. నాలుగు వందలకు పైగా విమానాలున్నా వాటిని నడిపే మనుషుల దగ్గర వెసులుబాటు లేకపోతే ఫలితం ఇదీ. 2022 క్రిస్మస్ రోజుల్లో సౌత్‌వెస్ట్ కూడా 16 వేలకు పైగా విమానాలు రద్దు చేసింది. మంచు తుఫాను అందరికీ వచ్చింది, మిగతా సంస్థలు రెండు మూడు రోజుల్లో తేరుకున్నాయి. సౌత్‌వెస్ట్ సిబ్బంది డ్యూటీలు వేసే పాత సాఫ్ట్‌వేర్ మాత్రం కుప్పకూలింది. కాబట్టి పేరు చూసి, సైజు చూసి నమ్మేయకండి. ఆ రోజు, ఆ దారిలో, మీ విమానం వెనక ఇంకేం ఉందో చూడండి.

ఇక మీరు చేయాల్సిన పనులు.

1. విమానం రకం చదవండి

బుకింగ్ పేజీలో ధర పక్కనో, వివరాలు నొక్కితేనో ఏ320, ఏ321, 737, ఏటీఆర్ అని కనిపిస్తుంది. చాలామంది దాన్ని చూడరు. హైదరాబాద్ నుంచి ఎగిరేవాళ్లు ముఖ్యంగా చూడాలి. ఎందుకంటే ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానాలకు మన నగరం ఎప్పటి నుంచో పెద్ద కేంద్రం. 2011లో స్పైస్‌జెట్ తన క్యూ400 విమానాలను ఇక్కడి నుంచే మొదలుపెట్టింది. 2015 జులైలో ట్రూజెట్ హైదరాబాద్‌నే ఇల్లుగా చేసుకుని ఏటీఆర్‌లతో తిరుపతికి ఎగిరింది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం ప్రారంభమైనప్పుడు సిమ్లా–ఢిల్లీతో పాటు అదే రోజు జెండా ఊపిన కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ సర్వీసులు ట్రూజెట్‌వే. ఆ ఏడాది డిసెంబర్‌లో ఇండిగో కూడా ఏటీఆర్‌లు తెచ్చి హైదరాబాద్ నుంచే మొదలుపెట్టింది. ఒకే రకం విమానం అన్న సూత్రాన్ని అంత గట్టిగా పట్టుకున్న సంస్థే దాన్ని ఎందుకు సడలించింది? 180 సీట్ల ఎయిర్‌బస్‌ను కడపకో రాజమండ్రికో రోజూ నింపడం కష్టం కాబట్టి. 78 సీట్ల ఏటీఆర్ తక్కువ ఇంధనంతో, పొట్టి రన్‌వేల మీద కూడా దిగుతుంది.

"ఫ్యాన్ విమానమా? అమ్మో, పాతదేమో" అని భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ రెక్కలను తిప్పేది కూడా జెట్ సూత్రంతో పనిచేసే టర్బైన్ ఇంజినే. దగ్గరి ఊళ్లకు అది సరైన విమానం కాబట్టి వాడుతున్నారు, పాతబడి చవగ్గా దొరికిందని కాదు. దాని వేగం గంటకు 500 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, ఎయిర్‌బస్‌ది 800 దాటుతుంది. అయినా కడప లాంటి దూరానికి తేడా నిమిషాల్లోనే. సీట్లు ఇటు రెండు, అటు రెండు, కాబట్టి మధ్య సీటు బాధ లేదు. మరి ఇబ్బంది ఎక్కడ? ఏటీఆర్‌కు ఏరోబ్రిడ్జి అతకదు. గేటు నుంచి బస్సెక్కి విమానం దగ్గరికి వెళ్లాలి, తోక వైపున్న తలుపు దగ్గర ఆ తలుపుకే ఉన్న సన్నని మెట్లు ఎక్కాలి. లోపల తల మీది అరలు చిన్నవి, చక్రాల సూట్‌కేసు పట్టకపోతే మెట్ల దగ్గరే తీసుకుని కింద పెట్టేస్తారు. మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారిని తిరుపతి పంపిస్తున్నారనుకోండి. ఆమెకు కావాల్సింది 400 రూపాయల ఆదా కంటే ముందుగా చెప్పిపెట్టిన వీల్‌చెయిర్. ప్రయాణానికి 48 గంటల ముందే ఆ అవసరం సంస్థకు తెలియజేయండి. మందులు, కళ్లజోడు, ఫోన్ ఛార్జర్ ఆమె చేతిసంచిలోనే ఉండేలా సర్దండి, సూట్‌కేసులో పెట్టకండి.

2. వెనక ఇంకో విమానం ఉందా, లెక్కపెట్టండి

మీరు వెళ్లే ఊరికి అదే సంస్థ రోజుకు ఎన్నిసార్లు ఎగురుతుంది? నా దృష్టిలో ధర తర్వాత అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది, చాలా సందర్భాల్లో ధరకు ముందే అడగాలి. హైదరాబాద్–ఢిల్లీ, హైదరాబాద్–ముంబై లాంటి దారుల్లో ఒకటి రద్దయితే కొన్ని గంటల్లో ఇంకొకటి దొరుకుతుంది. రోజుకు ఒక్కటే, వారానికి నాలుగే ఉన్న దారిలో రద్దు అంటే ఒక రోజు పోయినట్టే. చిన్న సంస్థయితే మరీను. మన ట్రూజెట్ కొద్దిపాటి ఏటీఆర్‌లతోనే ఏళ్ల తరబడి చిన్న ఊళ్లను కలిపింది, ఆ మేలు తక్కువది కాదు. కానీ అన్ని తక్కువ విమానాలున్నప్పుడు ఒకటి మరమ్మతుకు పోతే ఎన్ని సర్వీసులు కదిలిపోతాయో ఊహించండి. 2022 ఫిబ్రవరిలో అది ఆగిపోయాక దాన్నే నమ్ముకున్న ఊళ్లు మళ్లీ మొదటికొచ్చాయి.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు ఈ లెక్క ప్రాణం లాంటిది. వీసా గడువు, పనిలో చేరాల్సిన తేదీ రెండూ దగ్గర పడుతుండగా చివరి రోజు టికెట్ కొంటే, ఆ ఒక్క విమానం మీదే ఉద్యోగమంతా ఆధారపడుతుంది. 2024 మే నెలలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది మూకుమ్మడిగా సిక్ లీవు పెట్టినప్పుడు పదుల విమానాలు రద్దయ్యాయి, వాటిలో గల్ఫ్ సర్వీసులూ ఉన్నాయి. గడువుకు కనీసం రెండు మూడు రోజుల ముందు తేదీకి టికెట్ తీసుకోండి. ఆ రెండు రోజుల కూలి పోతుందని వెనకాడే అన్నదమ్ములకు నేను చెప్పేది ఒకటే: వీసా పోతే పోయేది రెండు రోజుల కూలి కాదు.

"ఉన్నవే రెండు మూడు పెద్ద సంస్థలు, ఇక ఎంచుకునేదేముంది?" అని మీరు అడగవచ్చు. ఆ మాట నిజమే. దేశీయ మార్కెట్‌లో సగానికి పైగా ఒకే సంస్థ చేతిలో ఉండటం ప్రయాణికుడికి మంచిది కాదు, ఆ డిసెంబర్ వారం ఆ సంగతి తేల్చేసింది. అయినా సంస్థను ఎంచుకునే వీలు లేకపోయినా సమయాన్ని ఎంచుకోవచ్చు, విమానం రకాన్ని ఎంచుకోవచ్చు, వెనక ఇంకోటి ఉన్న సర్వీసును ఎంచుకోవచ్చు. ఈ మూడూ మీ చేతుల్లోనే ఉన్నాయి.

3. తెల్లవారుజాము సర్వీసును తక్కువ అంచనా వేయకండి

రాత్రి శంషాబాద్‌లోనే నిలిచిన విమానం పొద్దున మొదటి ట్రిప్పుకు సిద్ధంగా ఉంటుంది. సాయంత్రం ఏడింటి విమానం అప్పటికే నాలుగైదు ఊళ్లు తిరిగి, ఒక్కోచోట పది పదిహేను నిమిషాల ఆలస్యం పోగేసుకుని వస్తుంది. శామీర్‌పేట నుంచి ఆరింటి విమానానికి రెండున్నరకు బయల్దేరాలి కదా, పిల్లల నిద్ర చెడుతుంది కదా అంటారు. చెడుతుంది. కానీ ఆ వేళలో ఔటర్ ఖాళీగా ఉంటుంది. సాయంత్రం విమానానికైతే గచ్చిబౌలి దగ్గర ఆఫీసులు వదిలే వేళకు చిక్కుకుంటారు, లేదా అది తప్పించుకోవడానికి మధ్యాహ్నమే బయల్దేరి సగం రోజు పోగొట్టుకుంటారు. ఇంకో లాభం కూడా ఉంది. ఉదయం సర్వీసు రద్దయినా ఆ రోజు ఇంకా చాలా మిగిలి ఉంటుంది. రాత్రి చివరి సర్వీసు రద్దయితే మర్నాటి దాకా దారి లేదు. పెళ్లి, పరీక్ష, ఇంటర్వ్యూ, ఆసుపత్రి అపాయింట్‌మెంట్ లాంటి కదలని తేదీలకు ఈ నియమాన్ని గట్టిగా పట్టుకోండి. ఊరికే తిరిగి రావడానికైతే సాయంత్రం చవక టికెట్ కొనుక్కోండి, తప్పేం లేదు.

4. మొత్తం కూడి చూడండి

చవక సంస్థల్లో దేశీయ టికెట్‌కు సాధారణంగా చేతిలో 7 కిలోలు, చెక్-ఇన్‌లో 15 కిలోలు. మించితే కిలోకు ఇంతని కట్టాలి, అదీ విమానాశ్రయంలో కడితే ఆన్‌లైన్ ధర కంటే ఎక్కువ. సీటు ఎంచుకుంటే డబ్బు, భోజనానికి డబ్బు. ఇవన్నీ చూసి "దోచుకుంటున్నారు" అనేవాళ్లున్నారు. ఒక్క చేతిసంచితో వెళ్లే జీనోమ్ వ్యాలీ ఉద్యోగి తన పక్క సీటాయన పెట్టెల బరువుకు డబ్బు ఎందుకు కట్టాలి? విడివిడిగా వసూలు చేయడంలో న్యాయం ఉంది, ముందే స్పష్టంగా చెప్పినంత వరకు. మీరు చేయాల్సింది ఇంట్లోనే బ్యాగ్ తూచుకోవడం. ఆవకాయ సీసా చెక్-ఇన్ బ్యాగ్‌లో పెట్టండి, చేతిసంచిలో ఉంటే భద్రతా తనిఖీ దగ్గర ఆపేస్తారు. ఆ తర్వాత క్యాబ్ ఖర్చు కలపండి. రెండు టికెట్ల మధ్య తేడా 400 రూపాయలై, చవకది దిగే వేళకు పుష్పక్ బస్సు దొరకక మేడ్చల్ దాకా క్యాబ్ మాట్లాడాల్సి వస్తే, ఏది చవకో మీరే చెప్పండి.

5. టికెట్ మీద మీ నంబరే ఉండాలి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, నష్టం మాత్రం పెద్దది. ఏజెంటు దగ్గర టికెట్ తీసుకుంటాం, ఆయన తన మొబైల్ నంబర్ వేసేస్తాడు. సమయం మారిందనో సర్వీసు రద్దయిందనో వచ్చే మెసేజ్ ఆయన ఫోన్‌కు పోతుంది. మీరు ఔటర్ మీద సగం చుట్టు తిరిగి వెళ్లాక గానీ సంగతి తెలియదు. అంతకంటే ముఖ్యమైంది, బుకింగ్‌లో సరైన ఫోన్ నంబరో ఈమెయిలో ఇవ్వని ప్రయాణికుడికి రద్దు పరిహారం చెల్లించనక్కర్లేదని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనే చెబుతోంది. "అన్నా, నా నంబర్ వేయి" అని ఏజెంటు ముందు కూర్చుని చూసుకోండి.

6. విడివిడి టికెట్లను అతికించకండి

గువాహటి వెళ్లాల్సిన విద్యార్థి కోల్‌కతా దాకా ఒక సంస్థలో, అక్కడి నుంచి ఇంకో సంస్థలో విడిగా కొంటే 600 రూపాయలు మిగలవచ్చు. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో సంస్థకు దానితో సంబంధం లేదు. మీరు రాలేదు, అంతే. చవక సంస్థలు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అన్న లెక్కతోనే పుట్టాయి, కలుపు ప్రయాణం వాటికి తర్వాత వచ్చిన ఆలోచన. ఒకే పీఎన్ఆర్ మీద రెండు విమానాలూ ఉంటే మిమ్మల్ని చేర్చే బాధ్యత సంస్థది.

7. బయల్దేరే ముందు మీ విమానం ఎక్కడుందో చూడండి

ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో మీ సర్వీసుకు రాబోయే విమానం ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో తెలుస్తుంది. మీది ఐదింటికి, అది నాలుగున్నరకు ఇంకా పుణెలోనే ఉంటే ఆలస్యం ఖాయమని సంస్థ చెప్పకముందే మీకు అర్థమవుతుంది. కానీ జాగ్రత్త. ఆలస్యమని తెలిసింది కదా అని తీరిగ్గా బయల్దేరకండి. విమానం ఆలస్యమైనా చెక్-ఇన్ కౌంటర్ పాత సమయానికే మూసేయవచ్చు. సంస్థ కొన్నిసార్లు ఇంకో విమానాన్ని తెచ్చి సమయాన్ని మళ్లీ ముందుకు జరపనూవచ్చు.

8. కౌంటర్ దగ్గర మాట్లాడే తీరు

ఇంత చూసుకున్నా విమానం రద్దు కావచ్చు. అప్పుడు వంద మంది కౌంటర్ చుట్టూ మూగి ఒకేసారి అరుస్తుంటారు. మీరు వరసలో నిలబడుతూనే ఫోన్‌లో సంస్థ యాప్ తెరవండి, మారు టికెట్ అవకాశం చాలాసార్లు అక్కడే ముందు కనిపిస్తుంది. మీ వంతు రాగానే "మేడమ్, రద్దుకు కారణమేంటో మెయిల్‌లో రాసి పంపండి. ఇదే ఊరికి తర్వాతి విమానంలో సీటు ఇస్తారా, డబ్బు వెనక్కి ఇస్తారా? నాకు సీటు కావాలి" అని చెప్పండి. ఏం కావాలో స్పష్టంగా చెప్పిన మనిషి పని ముందు అవుతుంది.

ఈ హక్కులు గుర్తుంచుకోండి. రెండున్నర గంటల లోపు ప్రయాణ సమయమున్న దేశీయ విమానం రెండు గంటలు ఆలస్యమైతే తినడానికి, తాగడానికి ఇవ్వాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయల్దేరాల్సింది ఆరు గంటలు మించి ఆలస్యమైతే హోటల్ గది ఇవ్వాలి. మన గల్ఫ్ విమానాల్లో చాలావాటికి ఈ వేళలు వర్తిస్తాయి, కాబట్టి నేల మీద తువ్వాలు పరుచుకుని పడుకునే ముందు అడగండి. రద్దు సంగతి ముందుగా చెప్పకపోతే ప్రయాణ సమయాన్ని బట్టి 5,000, 7,500 లేదా 10,000 రూపాయలు, లేదా మీ మూల ఛార్జీ, ఇంధన ఛార్జీల మొత్తం, వీటిలో ఏది తక్కువైతే అది పరిహారంగా రావాలి. సీట్లకు మించి టికెట్లు అమ్మి మిమ్మల్ని ఎక్కనివ్వకపోతే, గంటలోపు వేరే విమానం చూపకుండా 24 గంటల్లోపు చూపితే మూల ఛార్జీ, ఇంధన ఛార్జీలకు రెట్టింపు, గరిష్ఠంగా 10,000. 24 గంటలు దాటితే నాలుగు రెట్లు, గరిష్ఠంగా 20,000. మీరే ప్రయాణం మానుకున్నా, డబ్బు తిరిగి రాని టికెట్ అయినా, అందులోని పన్నులు, విమానాశ్రయ రుసుములు వెనక్కి రావాల్సిందే. చాలామంది వాటిని అడగనే అడగరు.

ప్రకృతి విపత్తు, సమ్మె, ప్రభుత్వ ఆంక్ష లాంటి అసాధారణ పరిస్థితుల్లో పరిహారం రాదు. సంస్థలు ఈ మినహాయింపు చాటున దాక్కుంటాయని ఫిర్యాదు ఉంది, అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. అందుకే కారణం రాతపూర్వకంగా తీసుకోమంటున్నాను. ఆ అసాధారణ పరిస్థితుల జాబితాలో "మా దగ్గర ఇంకో విమానం లేదు" అన్నది లేదు. సంస్థ తన విమానాలను ఖాళీ లేకుండా తిప్పుకుని లాభపడింది, ఆ ఎంపిక తెచ్చిన నష్టం మీ నెత్తిన పడకూడదు.

సంస్థకు రాసినా పరిష్కారం కాకపోతే దాని నోడల్ అధికారికి, ఆపైన అప్పిలేట్ అధికారికి రాయండి. ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ పలుకుతుంది. అప్పటికీ కాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. సంస్థ ప్రధాన కార్యాలయం గురుగ్రామ్‌లో ఉన్నా సరే, అక్కడికి మీరు పోనక్కర్లేదు, వాళ్లే ఇక్కడికి రావాలి. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము లేదు, లాయరు కూడా తప్పనిసరి కాదు. టికెట్, బోర్డింగ్ పాస్, కారణం రాసిన మెయిల్, క్యాబ్ రసీదు, విమానాశ్రయంలో కొన్న భోజనం బిల్లు ఒకే ఫోల్డర్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. తేదీ, సమయం కనబడే స్క్రీన్ ఫొటో ఒకటి తప్పకుండా ఉండాలి, విమానాశ్రయం బోర్డు మీద మీ సర్వీసు పక్కన "రద్దు" అని వెలిగినప్పుడే తీసుకోండి. గంట తర్వాత ఆ వరస బోర్డు మీద ఉండదు.